అడవి ఉత్తరాలు: ఈ నెలంతా దసలి చిలుకే

తొలకరి పడిందంటే చాలు, నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఒకే జీవి గురించి ఉంటాయి. పేరు తెలియక కొందరు “పెద్ద పురుగు” అంటారు, కొందరు “గబ్బిలం లాంటి సీతాకోక” అంటారు. పంపిన ఫొటోలు చూస్తే అన్నీ దసలి పట్టు చిలుకలే, అంటే అడవి చెట్ల మీద టసర్ పట్టుగూడు కట్టే పురుగుకు రెక్కలొచ్చాక అయ్యే మాత్‌లే. అందుకే ఈ నెల పాముల గురించి, పుట్టగొడుగుల గురించి అడిగినవాళ్లను కాస్త ఆగమని చెప్పి ఈ ఉత్తరాలే ముందేసుకున్నాను. నా ఉద్యోగమంతా చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో, పట్టుగుడ్ల పరీక్షలోనే గడిచింది. ఎవరు ఏమడిగినా చివరికి నల్లమద్ది చెట్టు కిందికే లాక్కుపోతానని సంపాదకులు విసుక్కుంటారు. నిజమే. ఈసారీ అంతే.

మేడమ్, మొన్న వాన వెలిసిన రాత్రి మా వరండాలో ట్యూబ్‌లైటు కింద గోడకు అరచేతికన్నా పెద్ద సీతాకోక అతుక్కుని ఉంది. ఇటుక రంగు, రెక్కకొక కన్ను. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే అట్లాస్ మాత్ అని చూపించింది. మా అత్తయ్య “ఇంటికొచ్చిన చుట్టం, కొట్టొద్దు” అంటారు. పక్కింటావిడేమో దాని రెక్కల పొడి కళ్లల్లో పడితే చూపు పోతుందంటుంది. పిల్లలు చక్కెర నీళ్లు పెట్టారు, ముట్టనే లేదు. ఏం చేయమంటారు?
— గృహిణి, హనుమకొండ

ఫోన్ మాట నమ్మకండమ్మా. అట్లాస్ రెక్కల కొసలు పాము పడగలా వంపు తిరిగి ఉంటాయి. దాని రెక్కల నడుమ ఉండే పారదర్శకపు మచ్చలు మూడు మూలలుగా ఉంటాయి. మీ ఫొటోలో నాలుగు రెక్కల్లోనూ గుండ్రటి కన్ను ఉంది, ఆ కంటి నడుమ పొలుసులే లేని గాజు చుక్క ఉంది. ఇది దసలి పట్టు చిలుక. శాస్త్రం పుస్తకాల్లో ఆంథెరియా మైలిట్టా అని ఉంటుంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు పదిహేను సెంటీమీటర్లకు అటూ ఇటూ.

మీ ఇంటికొచ్చింది మగది. ఇటుక రంగు ఒక గుర్తు, కానీ రంగు ఒక్కోసారి మోసం చేస్తుంది. మీసాలు చూడండి. వెడల్పుగా, రెండు పక్కలా పళ్లు తేలి ఈకల్లా విచ్చుకుని ఉన్నాయి కదా? ఆడదానికి మీసాలు సన్నగా ఉంటాయి, పొట్ట బరువుగా ఉంటుంది, రంగు ఎక్కువగా పసుపో బూడిదో. ఆడది చీకటి పడ్డాక కొమ్మకు వేలాడి, కదలకుండా, పొట్ట కొసన ఉన్న గ్రంథి నుంచి వాసన వదులుతుంది. మన ముక్కుకు ఏమీ తెలియదు. మగదాని మీసాలున్నది ఆ వాసన పట్టడానికే. మీ చుట్టం ఆ పని మీద బయల్దేరి దారిలో మీ ట్యూబ్‌లైటుకు చిక్కాడు.

ఎందుకు చిక్కుతాయన్నదాని మీద 2024లో ఒక మంచి పరిశోధన వచ్చింది. వేగంగా తీసే కెమెరాలతో చూస్తే, రాత్రిపూట ఎగిరే పురుగులు వెలుగున్న వైపుకు వీపు తిప్పుకుని ఎగురుతాయని తేలింది. దీపాలు లేని అడవిలో వెలుగుండేది ఆకాశంలోనే కాబట్టి, వీపు అటుంటే పురుగు నిటారుగా సాగిపోతుంది. పక్కన దీపముంటే అదే అలవాటు దాన్ని ఒరగదీసి, దీపం చుట్టూ తిప్పి తిప్పి అలసిపోయేలా చేస్తుంది. కాబట్టి చేయాల్సింది ఒక్కటే: లైటు ఆర్పేయండి. చక్కెర నీళ్లు వద్దు, ఎందుకో కింది జవాబులో చదవండి. రెక్కల పొడి అంటే ఊడిన పొలుసులు. విషమేమీ లేదు, చూపు పోదు. ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే కాస్త మంట పుడుతుంది, అంతే. అత్తయ్య గారి మాటే నాకు నచ్చింది.

మా సైన్సు సారు దసలి చిలుకకు నోరు లేదని చెప్పారు. నోరు లేకపోతే ఎట్ల బతుకుతది?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, మంచిర్యాల

బతకడానికి కాదు నాయనా, గుడ్లు పెట్టడానికి మాత్రమే అది రెక్కలు తొడుక్కుంటుంది. నోటి భాగాలు పేరుకు ఉన్నాయిగాని పనిచేయవు. వారం, మహా అయితే పది రోజులు, పురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఇంధనం. ఆడది దాదాపు రెండు వందల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలో ఉన్నదంతా ఒకప్పుడు మద్దాకే.

కాబట్టి చిలుకను చూసి దాని జీవితం తెలిసిందనుకోవద్దు. అసలు జీవితం అంతకుముందే చెట్టు మీద అయిపోయింది. గుడ్డు నుంచి వచ్చే పిల్ల పురుగు పది మిల్లీగ్రాములు కూడా తూగదు. ముందు తన గుడ్డు పెంకునే కొరుక్కు తింటుంది. తర్వాత ఆకు. నాలుగు సార్లు చర్మం విడుస్తుంది. పట్టు రైతులు దీన్ని “జ్వరం” అంటారు, ఎందుకంటే ఆ సమయంలో పురుగు తిండి మాని, తల ఎత్తి, కదలకుండా ఉంటుంది. నాలుగో జ్వరం దాటాక చూడాలి దాని ఆకలి! మొత్తం జీవితంలో తినే ఆకులో అయిదింట నాలుగు వంతులు ఆ చివరి దశలోనే తింటుంది. సాయంత్రం వేళ నిశ్శబ్దంగా మద్దిచెట్టు కింద నిలబడితే పైనుంచి కరకరమని వినిపిస్తుంది, రెట్టలు టపటపా రాలుతుంటాయి. నలభై గ్రాములు దాటిన పురుగులను నేను తూకం వేశాను. ఇన్ని వేల రెట్లు పెరగడానికి వానాకాలంలో నెల రోజులు చాలు. చలికాలం పంటలో ఎక్కువ పడుతుంది.

మీ సారుకు నా నమస్కారం చెప్పు.

మా పెరట్లో బాదం చెట్టు మీద జానెడు పొడవున ఆకుపచ్చ పురుగులు రెండు కనిపించాయి. ఒంటి మీద బుడిపెలు, వాటి మీద వెంట్రుకలు, పక్కన వెండిలా మెరిసే చుక్కలు. గొంగళి పురుగులా దురద పుట్టిస్తాయా? మందు కొట్టించనా?
— విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

మందు కొట్టించకండి బాబూ! వెండి చుక్కలన్నారు చూడండి, అవే గుర్తు. దసలి పురుగులే. దురద రాదు, కుట్టవు. బెదిరిస్తే తల వెనక్కి లాక్కుని బిగుసుకుపోతాయి, అదే వాటి ప్రతాపం.

ఇంట్లో వేసుకునే బాదం చెట్టు మద్ది కుటుంబానిదే. తెల్లమద్ది, నల్లమద్ది, కరక్కాయ, తానికాయ, మీ బాదం – అన్నీ టెర్మినేలియాలే. అడవిలో దసలికి ముఖ్యమైన తిండి తెల్లమద్ది, నల్లమద్ది ఆకు. రేగు, చెన్నంగి, చిరుమాను మీద కూడా చూశాను. ఉత్తరాదిన, బస్తరు వైపున సాల వృక్షం. ఊళ్లలో దానికి బాదం దొరుకుతుంది. రెండు పురుగులు ఎంత తిన్నా మీ చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కాకులు, ఉడతలు, గొల్లభామలు వాటిని వదిలిపెడితే నెల తిరిగేలోగా కొమ్మకు గూళ్లు వేలాడతాయి. వాటిని కోసి పారేయకండి. ఎందుకంటే...

కొమురం భీం జిల్లాలో ఉపాధ్యాయుడిని. ఎండాకాలంలో రేగు చెట్టుకు ఆకులన్నీ రాలిపోయాక ఒక గట్టి గూడు కాడతో సహా కొమ్మకు వేలాడుతూ దొరికింది. రాయిలా ఉంది. కదిలిస్తే లోపల ఏదో కదులుతోంది. పిల్లలకు చిలుక బయటికి రావడం చూపించాలని ఉంది. ఎలా ఉంచాలి? ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరన్నారు.
— ప్రాథమికోన్నత పాఠశాల, ఆసిఫాబాద్ దగ్గర

ఫ్రిజ్ మాట వదిలేయండి మాస్టారూ. మీకు దొరికింది నిండు గూడు. కదిలించినప్పుడు బరువుగా తగిలిందంటే లోపల పట్టుపురుగు బతికి ఉన్న ప్యూపాగా, అంటే పురుగుకూ చిలుకకూ నడిమి దశలో, నిద్రలో ఉంది. తేలిగ్గా గలగలమంటే ఎండిపోయిందని అర్థం.

ఈ గూటి గురించి ఎన్ని పేజీలైనా రాయగలను, సంపాదకులు ఊరుకోరు. మొదట ఆ కాడ సంగతి. మల్బరీ పట్టుగూటికి కాడ ఉండదు, దసలికి ఉంటుంది. పురుగు ముందు రెండు మూడు ఆకులను దారంతో దగ్గరికి లాగి డొప్పలా కట్టుకుంటుంది. అందులో కూర్చుని గూడు అల్లేముందు బయటికి పాకి, కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం తిప్పుతుంది. ఆ ఉంగరం నుంచి డొప్ప దాకా కాడను నేస్తుంది. ఆ తర్వాతే లోపలికి వెళ్లి, తలను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ గూడు అల్లుకుంటుంది. ఇంత శ్రమ ఎందుకు? మన అడవి ఆకురాల్చే అడవి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి మద్ది మోడవుతుంది. గూడు ఆకుకే అంటి ఉంటే ఆకుతోపాటు నేల మీద పడుతుంది. చీమలు, చెదలు, అడవికి పెట్టే నిప్పు – అన్నీ నేల మీదే. కొమ్మకు ఉంగరంతో వేలాడితే ఆకు రాలినా గూడు రాలదు. మోడు కొమ్మకు గూళ్లు వేలాడుతుంటే దూరం నుంచి కాయలు కాసినట్టే ఉంటుంది. మా వైపు రైతులు వాటిని పట్టుకాయలనే అంటారు.

చలికాలం పంటలో కట్టిన గూటిలో ప్యూపా దాదాపు ఆరు నెలలు అలాగే ఉంటుంది. నలభై అయిదు డిగ్రీల ఎండలో, తిండీ నీళ్లూ లేకుండా, గట్టి పెంకులో. తొలకరికి గాలిలో తేమ పెరిగాక మేలుకుంటుంది. ఎండాకాలంలో అకాల వానలు పడితే మాత్రం కొన్ని తొందరపడి బయటికొస్తాయి. అప్పటికి మద్దికి ఆకుండదు. ఆ చిలుకలు పెట్టిన గుడ్లు వృథా. ఏప్రిల్‌లో మబ్బు పట్టిందంటే మా గ్రెయినేజీలో, అంటే పట్టుగుడ్లు తయారుచేసే కేంద్రంలో, అందరి ముఖాలూ మాడిపోయేవి.

మీరు చేయాల్సిందేమిటంటే, గూటిని కాడతోనే నీడపట్టున, గాలి ఆడేచోట దారంతో వేలాడదీయండి. ఎండ తగలొద్దు, చీమలు ఎక్కొద్దు, బల్లులు అందుకోవద్దు. సీసాలో మూతపెట్టి ఉంచొద్దు. వానలు మొదలయ్యాక రోజూ సాయంత్రం చీకటి పడే వేళకు చూడండి, బయటికొచ్చేది అప్పుడే. ముందు కాడ వైపు కొస తడిసి మెత్తబడుతుంది. చిలుక నోటి దగ్గర నుంచి ఒక ద్రవం ఊరుతుంది, అందులో కొకూనేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పట్టుదారాన్ని కోయదు, దారాలను అంటించి ఉంచిన జిగురును మాత్రమే కరిగిస్తుంది. విడిపోయిన దారాలను కాళ్లతో పక్కకు తోసుకుని చిలుక వస్తుంది. రెక్కలు అప్పుడు నలిగిన గుడ్డపీలికల్లా ఉంటాయి. పైకి పాకి వేలాడితే తప్ప అవి సాగవు. అందుకే పట్టుకుని పాకడానికి దగ్గర్లో ఒక గరుకు కర్రో గోనెపట్టో ఉండాలి. ఆ సమయంలో పిల్లలు ముట్టుకున్నారంటే రెక్క జీవితాంతం వంకరే. రెక్కలు విచ్చుకున్నాక ఒక ద్రవం చిమ్ముతుంది, గోడ మీద మరక పడుతుంది. హెడ్‌మాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి.

వచ్చింది ఆడదైతే ఆ రాత్రి కిటికీ తెరిచి ఉంచండి. అడవి దగ్గరి బడి కాబట్టి మగచిలుకలు వెతుక్కుంటూ వచ్చే అవకాశం బాగానే ఉంది. గుడ్లు ఎక్కడ పెట్టినా, గోడ మీద పెట్టినా కర్టెన్ మీద పెట్టినా, మెల్లగా తీసి ఆకుదొన్నెలో వేసి మద్దికొమ్మకు కట్టండి. ఎనిమిది, పది రోజులకు తెల్లవారుజామున పిల్లలవుతాయి.

దసలి చీర కొందామని వెళ్తే అంగడివాళ్లు “ఇది అహింసా పట్టు, పురుగును చంపరు” అని ధర ఎక్కువ చెప్పారు. నిజమేనా?
— బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్

ఏ దారమో అడగండి. దసలిలో నూలు రెండు దారుల్లో వస్తుంది. నిండు గూటిని లోపలి ప్యూపాతో సహా ఆవిరికి పెట్టి, సోడా నీళ్లలో ఉడికించి, ఒకే పోగుగా లాగితే వచ్చేది రీలు దారం. ఒక్కో గూటి నుంచి ఏడెనిమిది వందల మీటర్ల పోగు రావొచ్చు, మంచి గూడైతే ఇంకా ఎక్కువ. ఇందులో పురుగు చనిపోతుంది, దాచేదేం లేదు. రెండోది గీచా. చిలుక బయటికి వెళ్లిపోయిన గూటిని ఉడికించి చేత్తో తీసిన దారం. ఎగుడుదిగుడుగా, మందంగా ఉంటుంది. గుడ్ల కోసం చిలుకలను పుట్టించే ప్రతి కేంద్రంలోనూ ఇలాంటి చిల్లు గూళ్లు ఎటూ మిగులుతాయి. అయితే గీచాలోకి ఈగ తొలిచిన గూళ్లూ వస్తాయి, లాగడానికి పనికిరాని నాసిగూళ్లూ వస్తాయి. అందుకే “గీచా అంటే అహింస” అని గుడ్డిగా అనలేం. పైగా చాలా చీరల్లో పేక గీచా అయినా పడుగు వేరే పట్టు. పడుగు, పేక రెండింటి సంగతీ చెప్పగలిగిన నేతగాడి దగ్గర కొనండి. మహదేవపూర్ వైపు వెళ్లగలిగితే మగ్గం దగ్గరే అడగొచ్చు. మల్బరీ పట్టులో పురుగును చంపకుండా నేసే పద్ధతికి పేరు తెచ్చింది మన కుసుమ రాజయ్య గారే. అది వేరే కథ, ఆ పట్టు వేరు.

మీరడగని ఇంకో హింస గురించి కూడా చెబుతాను. రీలు దారాన్ని తరతరాలుగా ఆడవాళ్లు తొడ మీద రాసి పురి పెట్టేవాళ్లు. రోజంతా రాస్తే తొడ చర్మం ఒలిచిపోయేది. కేంద్ర పట్టు మండలి “బునియాద్” అనే చిన్న యంత్రాన్ని తెచ్చింది ఆ బాధ తప్పించడానికే. అంగడిలో పురుగు గురించి అడిగినవాళ్లు చాలామందే కనిపించారు, తొడల గురించి అడిగినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

నమస్తే మేడం. మూడో పంటకు పురుగుల ఒంటి మీద తెల్లటి గుడ్లు, ఆ తర్వాత నల్ల మచ్చలు కనబడుతున్నయి. గూడైతే కడుతున్నయి గాని లోపల్నుంచి తెల్లటి పురుగులు బయటికొస్తున్నయి. మందు ఏం కొట్టాలె?
— దసలి రైతు, కోటపల్లి మండలం

తమ్ముడూ, అది ఊజీ ఈగ. మందు మాత్రం కొట్టొద్దు. ఈగను చంపే మందు నీ పట్టుపురుగునూ చంపుతుంది.

మూడో జ్వరం దాటిన పెద్ద పురుగులంటే ఈ ఈగకు ఇష్టం. చర్మం మీద గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల చర్మం తొలిచి లోపలికి పోతుంది. నువ్వు చూసిన నల్ల మచ్చ ఆ తొలిచిన చోటే. లోపల ఉండి కొవ్వు తింటుంది. పురుగు ఆఖరి రోజుల్లో దెబ్బతింటే గూడు కట్టాకే చస్తుంది. అప్పుడు ఈగపిల్ల గూటికి చిల్లు పెట్టి బయటపడి, మట్టిలో దూరి, గోధుమరంగు గింజలా మారుతుంది. చలికాలం పంటలో దీని పోరు ఎక్కువ, నీ తప్పేం లేదు.

రోజూ పొద్దున పురుగుల ఒళ్లు చూసి తెల్లగుడ్డు కనబడితే ముల్లుతో తీసేయాలి. మచ్చలున్న పురుగుల గూళ్లను వేరే పెట్టు, నిల్వ చేసే గది నేల మీద పాకే తెల్ల పురుగులన్నింటినీ ఏరి సబ్బునీళ్లలో వెయ్యి. చెట్ల కింద మట్టిని ఎండాకాలంలో తిరగెయ్యి, గింజలు ఎండకు మాడతాయి. ఇది నువ్వొక్కడివే చేస్తే లాభం లేదు. పక్క చెట్ల రైతు ఏరకపోతే అతని ఈగలు నీ దగ్గరికే వస్తాయి. ఊళ్లో అందరూ ఒకే వారంలో చేయండి. చాకీ పురుగుల మీద, అదే పసి పురుగుల మీద, వల కప్పడం చేస్తున్నవు కదా? నల్లిలా మూతి పొడిచి రసం పీల్చే పురుగులు, ఎర్రచీమలు అక్కడే ఎక్కువ నష్టం చేస్తాయి. పిట్టలకు వడిసెల ఎటూ ఉంది.

ఇంకో మాట. గుడ్లు తెచ్చుకునేటప్పుడు పరీక్ష చేసినవేనా అని అడుగు. పెబ్రైన్ జబ్బు తల్లి చిలుక నుంచి గుడ్డులోకి దిగుతుంది. పైకి ఏమీ కనబడదు. గుడ్లు పెట్టాక తల్లిని నూరి, ఆ రసాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే మెరిసే కోడిగుడ్డు ఆకారపు చుక్కలు కనబడతాయి. కనబడితే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చేయాలి. 1860ల్లో ఫ్రాన్సులో మల్బరీ పట్టు ఈ జబ్బుతో కుప్పకూలినప్పుడు లూయీ పాశ్చర్ పట్టుకున్న ఉపాయం ఇది. నా కళ్లజోడు నంబరు పెరిగింది ఆ చుక్కలు చూసీ చూసీ. తెలిసినవాళ్ల దగ్గర చవగ్గా వచ్చాయని పరీక్షలేని గుడ్లు తెస్తే నీ చెట్లతోపాటు అడవి దసలికీ అంటుతుంది. మన అడవిలో ఏడాదికి మూడు సార్లు వచ్చే రకం మన నేలకు అలవాటుపడ్డది. ఛత్తీస్‌గఢ్‌లో సాలచెట్ల మీద బతికే రైలీ వేరు, జార్ఖండ్ దాబా వేరు. ఇలాంటి స్థానిక రకాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. వీలైనంత వరకు మన విత్తనమే పెట్టు.

దసలి గురించి మొదట శాస్త్రీయంగా రాసిందెవరు?
— పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

మైలిట్టా పేరు 1773లో డ్రూరీ పెట్టాడు. 1758లో లినియస్ పెట్టిన పాఫియా అన్న పేరే దీనికి చెల్లుతుందనేవాళ్లూ ఉన్నారు. జీవితాన్ని దగ్గరగా చూసి రాసినవాళ్లలో నాకు ఇష్టమైనవాడు విలియం రాక్స్‌బర్గ్. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి తోట పెంచి, తర్వాత కలకత్తా వెళ్లాడు. బెంగాల్ దసలి, ఆముదపు పట్టుపురుగుల మీద అతను రాసిన వ్యాసం 1804లో లండన్ లినియన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, బొమ్మలతో సహా చదువు.

మాది తెనాలి దగ్గర. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాం. మా డెక్ లైటు దగ్గర అచ్చం మీ దసలి లాంటిదే వాలింది. కింది రెక్కల మీద కళ్లు మాత్రం పెద్దగా, నీలం నలుపు కలిసి ఉన్నాయి. మన చిలుక ఇక్కడికెలా వచ్చింది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్

మనది రాలేదండీ, అది అక్కడి అమ్మాయే. పాలిఫిమస్ అంటారు, ఆంథెరియా పాలిఫిమస్. మన దసలికి పినతల్లి బిడ్డ. అస్సాం ముగా, చైనా ఓక్ పట్టు, జపాను యమమై కూడా ఈ ఇంటివే. ఓక్, మేపుల్, బర్చ్ ఆకులు తింటుంది. దీనికీ నోరు లేదు, దీనికీ వారం రోజుల ఆయుష్షే.

మీరున్న వైపే దీనితో ముడిపడ్డ ఒక పెద్ద చరిత్ర ఉంది. 1860ల్లో ట్రూవెలో అనే ఫ్రెంచాయన మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో పాలిఫిమస్‌ను పట్టు కోసం పెంచాడు. చిత్రకారుడు, పురుగుల పిచ్చి ఉన్నవాడు. ఇంటి వెనక ఎకరాల కొద్దీ పొదలకు వలలు కప్పి లక్షల పురుగులు పెంచాడు. మా వైపు రైతులు మద్ది మీద చేసే పనినే ఆయన ఓక్ మీద చేశాడు, పిట్టలతో అదే యుద్ధం. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. యూరప్ నుంచి ఇంకో మాత్ గుడ్లు తెప్పించాడు, 1868–69 ప్రాంతంలో ఆ పురుగులు కొన్ని తప్పించుకున్నాయి. ఈనాటికీ అమెరికా ఈశాన్య అడవుల ఆకులు దులిపేస్తున్న స్పాంజీ మాత్ అదే. ఆయన ఆ తర్వాత పురుగులు వదిలి నక్షత్రాల బొమ్మలు గీసే పనిలో పడ్డాడు, చాలా అందమైన బొమ్మలు.

కథ అక్కడితోనూ ముగియలేదు. స్పాంజీ మాత్‌ను అణచడానికి 1906లో యూరప్ నుంచి ఒక పరాన్నజీవి ఈగను తెచ్చి వదిలారు. పైన కోటపల్లి తమ్ముడి ఊజీ ఈగ కుటుంబానిదే. దానికి ఒక్క స్పాంజీ మాత్‌తో ఆకలి తీరలేదు. అక్కడి స్థానిక పెద్ద పట్టుచిలుకల పురుగుల్లోకి కూడా దూరింది. మసాచుసెట్స్‌లో పరిశోధకులు సెక్రోపియా అనే పెద్ద చిలుక పురుగులను బయట వదిలి చూస్తే, వాటిలో ఎక్కువ భాగాన్ని ఆ ఈగే తినేసింది.

మీరు చేయగలిగినవి రెండు పనులున్నాయి. రాత్రి పడుకునే ముందు డెక్ లైటు ఆర్పండి. రెండోది, పాలిఫిమస్‌కు మన దసలిలా కొమ్మకు ఉంగరం వేసే అలవాటు సాధారణంగా లేదు. ఆకులో చుట్టుకుని గూడు కడుతుంది, ఆ ఆకు అక్టోబరులో రాలి నేల మీదే చలికాలం గడుపుతుంది. మీవాళ్లేమో ఆకులన్నీ ఊదుడు యంత్రంతో పోగేసి కాగితపు సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెడతారు. ఓక్ చెట్టు కింద ఆకులను మాత్రం ఒక మూలకు నెట్టి, మే నెల దాకా అలాగే వదిలేయండి.